నూకరత్నం లంక

ఫోన్‌లో బొమ్మ చూపించింది నూకరత్నం:
తెల్లటి వంటిల్లు, నడిమధ్య ఒక చెక్క దిమ్మ,
చుట్టూ మనిషి తిరిగేంత చోటు.
"దీన్ని ఐలాండంటారంట బాబాయ్."
ఐలాండంటే లంకే కదమ్మా, అన్నాను.
లంకల సంగతి నాకొకరు చెప్పాలా.
మా నాన్న నావలు చెక్కిన పాక
ఇప్పుడు గోదారి అడుగున ఎక్కడుందో
చేపలకి తెలియాలి.

ముక్తేశ్వరం రేవు దారిలో ఆమెది కర్రీ పాయింటు.
తెల్లారేసరికి పది కిలోల వంకాయలు,
ముప్పై ఏళ్ళుగా కత్తిపీట మీద ఒక మోకాలు మడిచి.
ఇప్పుడా మోకాలు
లేవమంటే వినడం లేదు.

కొడుకు గ్రానైటన్నాడు.
ఇంజనీరు కాగితం మీద మూడడుగుల ఎత్తు గీశాడు.
ఎవరికి మూడడుగులు?
ఆమె నిలబడితేనే నాలుగడుగుల తొమ్మిదంగుళాలు.
టేపు తియ్యలేదు నేను. కొత్త చీపురులోంచి ఈనె లాగి
మడమ పక్కన నిలబెట్టి
మోచేతి కింద నాలుగు వేళ్ళు వదిలి
పుటుక్కున విరిచాను.
అదే కొలత.

కలప కోసం అడితీలు తిరగలేదు.
పాయ ఒడ్డున బోర్లించిన పాత నావ,
ఇసుక మోసి మోసి నడుం విరిగింది.
పక్క చెక్కలు టేకు. చిత్రిక పడితే
నలుపు కింద నలుపు, ఆ నలుపు కింద
తడి బెల్లం రంగు.
వాసన మాత్రం బురదదీ, గుగ్గిలానిదీ.
బోల్టులు ఊడదీసిన చోట బెజ్జాలు.
లప్పం పెట్టి మూసేద్దామంటే
చిటికెన వేలు దూర్చి చూసి
"అట్లకాడ నిలబడుద్ది, ఉంచు" అంది.

అన్నీ అయ్యాక, సిగ్గుపడుతూ, చివర్న అడిగింది:
"కత్తిపీట దీని మీదికి ఎక్కుద్దా?"
మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.
ఒక మూల గాడి తీసి, ఇత్తడి బందు వేసి
వాళ్ళత్తగారి కత్తినే తెచ్చి నిలబెట్టాను.
కావాలంటే లేస్తుంది,
వద్దంటే పడుకోబెట్టి మూత వేసుకోవచ్చు.
నిలబడి మొదటి వంకాయ కోసింది.
చెయ్యి బాగానే ఉంది.
పీట అదిమే పాదం మాత్రం
అలవాటు కొద్దీ గచ్చు మీద వెతుక్కుంది.

"ఇంత బండ గుమ్మంలోంచి ఎలా పోద్ది పెదనాన్నా?"
మా పోతురాజు అడిగాడు.
పోదు.
అందుకే ఎక్కడా మేకు కొట్టలేదు.
బెజ్జంలో కుసి, కుసికి అడ్డంగా తుమ్మ చీల.
విడదీసి, ముక్కలు ముక్కలుగా మోసుకెళ్ళి
లోపలే కూర్చాం.
రసమట్టంలో బుడగ నడిమికొచ్చి ఆగింది.
ఆమె అరచెయ్యి ఆనించింది చెక్కకి.
ఏమీ అనలేదు.
వెళ్ళి నాకు ఫ్యాను వేసింది.

శ్రావణంలో నీళ్ళొచ్చాయి.
గట్టు తెగలేదు గానీ వంటింట్లో మోకాలి లోతు.
గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, గంప కింద కోడిపెట్ట,
మనవరాలి నోటుపుస్తకాలు, అన్నీ దాని మీదే.
నీళ్ళలో నిలబడే వండింది మూడు రోజులూ,
బడిలో తలదాచుకున్న వాళ్ళకి
పూటకి రెండొందల పొట్లాలు.
ఇదంతా తర్వాత తెలిసింది నాకు.
నేను భయపడింది చీలల గురించి.
పడవెక్కి వెళ్ళాను.

కాళ్ళు ఉబ్బాయి. ఒక మూల గోరు మందం లేచింది.
చీలలు మాత్రం కదల్లేదు.
చెమ్మకి పై సొరుగు బిగుసుకుపోయి
ఎంత లాగినా రాలేదు.
ఉలి తీశాను, అంచున రెండు పొరలు లేపుదామని.
ఆమె గరిటె అడ్డం పెట్టింది.

"అందులో చీటీ డబ్బులున్నాయి బాబాయ్.
మీ అల్లుడు రెండుసార్లు లాగి చూసి
ఊరుకున్నాడు.
మాఘమాసం దాకా దాని జోలికి పోకు."